స్కార్లెట్ బాడిస్ కోసం స్పాంజి ఫిల్టర్: రెండున్నరేళ్లు వాడాక

స్కార్లెట్ బాడిస్ అనే ఈ చిన్న ఎర్ర చేపకు ఎన్ని లీటర్ల ట్యాంకు కావాలి, పీహెచ్ ఎంత ఉండాలి లాంటివి నేను రాయడం లేదు, అవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది ఒక్క వస్తువు గురించే. ట్యాంకు మూలన కూర్చుని బుడగలు వదులుతూ, నీళ్లను తన గుండా లాగి శుభ్రం చేసే స్పాంజి ఫిల్టర్. 180 రూపాయలు పెట్టి కొన్న ఆ నల్ల స్పాంజి లేకపోతే నా చేప ఇవాళ బతికి ఉండేది కాదని నా గట్టి నమ్మకం. అదే ఫిల్టర్ వల్ల ఒక రాత్రి అది చచ్చిపోయేంత పని కూడా అయింది. రెండూ చెబుతాను.

2022 డిసెంబరులో మొదలుపెట్టాను. 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న గాజు ట్యాంకు, దానితోపాటే వెనక గోడకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఇచ్చారు. అడుగున కడిగి జల్లించిన ఏటి ఇసుక, ఒక రాయికి దారంతో కట్టిన జావా మాస్ అనే నాచు మొక్క, పైన అంతరతామర, సగానికి పగలగొట్టిన కొబ్బరి చిప్ప, మా పక్కింటి బాదం చెట్టు కింద ఏరి ఎండబెట్టిన ఆకులు. అన్నీ కుదిరాయనిపించాక హైదరాబాద్‌లో ఒక దుకాణంలో ముందే చెప్పి తెప్పించుకున్న మగచేపను రైల్లో కాజీపేట తెచ్చుకున్నాను. అస్సాం, ఉత్తర బెంగాల్ వైపు బ్రహ్మపుత్రలో కలిసే చిన్న వాగుల్లో ఉండే చేప ఇది. 1822లోనే ఫ్రాన్సిస్ హామిల్టన్ తన గంగానది చేపల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన చేపలు మన ఊళ్లో ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి, మన దేశపు చేప కావాలంటే మాత్రం చెప్పి తెప్పించుకోవాలి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తెచ్చిన రోజు కనిపించింది, అంతే. తర్వాత రెండు వారాలు ట్యాంకులో చేప ఉందో లేదో తెలియలేదు. రాత్రి టార్చి వేస్తే కొబ్బరి చిప్ప వెనక పాలిపోయిన బూడిద రంగులో కనిపించేది. నేను చదివిన ఎర్రటి చేప ఇదేనా అనిపించింది. అసలు టెన్షన్ తిండి దగ్గర వచ్చింది. ఇది గింజల మేత ముట్టదు, కదిలేది మాత్రమే తింటుంది. రెండు సెంటీమీటర్లు కూడా ఉండని ఈ చేప పుట్టుకతో వేటగాడే, కానీ తొందరపడే వేటగాడు కాదు. పురుగు కనిపిస్తే మెల్లగా దగ్గరికి వస్తుంది, ఆగుతుంది, కళ్లు తిప్పి చూస్తుంది, ఒక్కోసారి అరనిమిషం ఆలోచిస్తుంది. అది ఆలోచించేలోపు హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఆ పురుగుల్ని లోపలికి లాగేసుకునేది. నేను వేసిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్యల్లాంటి బుల్లి పురుగులు) పిల్లల్లో చాలా వరకు ఫిల్టర్ దూదిలోనే దొరికాయి. దానికి తోడు పైనుంచి నీళ్లు పడే ధారకు ట్యాంకు మొత్తం సుడి తిరిగేది, ఆ సుడిలోకి రావడానికి చేప భయపడేది. ఆరు వారాలకు దాని కడుపు లోపలికి అతుక్కుపోయింది.

అప్పుడు మార్చాను. స్పాంజి ఫిల్టర్, ఒక చిన్న ఎయిర్ పంప్, సన్న పైపు, పైపు మధ్యలో గాలి తగ్గించుకోవడానికి ఒక చిన్న కుళాయి. గాలిని బాగా తగ్గించి పెడితే అంతరతామర ఆకు కూడా కదలదు. రెండో రోజు సాయంత్రం ఆర్టీమియా వేసి నేను కుర్చీలో కూర్చున్నాను. చేప చిప్ప వెనక నుంచి బయటికొచ్చి, మాస్ దాటి, ఇసుక మీద ఆగింది. పదిహేను నిమిషాల్లో కడుపు నారింజ రంగులో ఉబ్బింది. నేను కుర్చీలోంచి కదల్లేదు, కదిలితే మళ్లీ వెళ్లిపోతుందని. వారం తిరిగేసరికి ఒంటి మీద ఎరుపు ఎక్కింది, పక్కల నిలువు చారలు నీలంగా మెరవడం మొదలైంది.

నేను అనుకోనిది మరొకటి జరిగింది. రెండు నెలలకు స్పాంజి మీద సన్నటి నాచు పట్టి, దాని మధ్యలో కంటికి కనీకనిపించని పురుగులు చేరాయి. నేను మేత వేయని పూట చేప ఆ స్పాంజి చుట్టూనే తిరిగేది. తల కొంచెం వాల్చి, ఒక్కో అంగుళం వెతుక్కుంటూ పోయి, ఒక చోట ఆగి, ఠక్కున పొడిచేది. ఊళ్లో చెరువు గట్టున కొంగ నిలబడ్డట్టే ఉంటుంది ఆ ఓపిక. నీళ్లు శుభ్రం చేయడానికి తెచ్చిన వస్తువు చేపకు వేట మడి అయింది. డబ్బా ఫిల్టర్లతో ఇది జరగదని నా అభిప్రాయం, ఎందుకంటే వాటిలో ఆ జీవం అంతా డబ్బా లోపల ఉంటుంది, చేపకు అందదు.

మేత సంగతి కొంచెం చెప్పాలి. మా బావ నెల్లూరు దగ్గర రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాడు. రొయ్య పిల్లలకు వాళ్లు పెట్టేది ఆర్టీమియానే, ఆ గుడ్లే ఒక చిన్న సీసాలో నాకు తెచ్చిపెడతాడు. ఉప్పునీళ్లలో గాలి పెట్టి ఉంచితే ఒక రోజులో పిల్లలవుతాయి. అది కాక పెరట్లో డ్రమ్ములో డాఫ్నియా అనే బుల్లి నీటి పురుగుల్ని పెంచుతాను, డ్రమ్ము మీద దోమతెర కట్టి. దుకాణంలో అమ్మే ఎర్ర వానపాముల్లాంటి ట్యూబిఫెక్స్ నేను పెట్టను. అవి మురికి కాల్వల నుంచి వస్తాయి, పైగా ఈ చేప వాటిని ఆపకుండా తిని బాగా కొవ్వెక్కిపోతుంది.

మొదటి మూడు నెలల్లో అడిగిన వాళ్లందరికీ దీనికి అసలు పనే ఉండదని చెప్పాను. ఆ మాట సరిచేసుకోవాలి. స్పాంజిని రెండు మూడు వారాలకోసారి పిండాల్సిందే, అదీ ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే. ఒకసారి తొందరలో కుళాయి కింద కడిగాను. మున్సిపాలిటీ నీళ్లలో ఉండే క్లోరిన్‌కు చేప మలినాలను విరగ్గొట్టే మంచి బాక్టీరియా అందులోంచి పోయినట్టుంది, నాలుగు రోజులు నీళ్లు పాలలా మసకబారాయి. శబ్దం ఉండదని కూడా చెప్పాను, అదీ పూర్తిగా నిజం కాదు. బుడగల శబ్దం నాకు హాయిగానే ఉంటుంది కానీ పంపు గుర్రుమంటుంది, మా అమ్మ రెండు రాత్రులు నిద్ర పట్టలేదంది. పాత టవల్ మడతపెట్టి దాని మీద పంపు పెట్టాక తగ్గింది. అంత చిన్న ట్యాంకులో నల్ల స్పాంజి మూల అంతా ఆక్రమించి కనిపిస్తుంది, చూడ్డానికి అందంగా ఉండదు. మాస్ అడ్డం పెంచితే కొంత కప్పుకుంటుంది.

ఇక 2024 మే నెల. ఎండలకు నీళ్లు 33 డిగ్రీలకు వచ్చాయి. చల్లటి వాగుల్లో పెరిగే చేపకు అది చాలా ఎక్కువ, అందుకని మూత తీసి చిన్న ఫ్యాన్ పెట్టాను. ఫ్యాన్ గాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గేది కానీ నీళ్లు త్వరగా ఆవిరైపోయేవి, రోజూ పోయాల్సి వచ్చేది. ఆ నెలలో ఒక రోజు మేము పెళ్లికి ఊరెళ్లాలి, మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాము. మధ్యలో నీళ్లు తగ్గుతాయేమోనని అంచు దాకా నింపి వెళ్లాను. పంపు స్టాండు కింది అరలో, నేలకు జానెడు ఎత్తులో ఉంది. అక్కడ పెడితే కనిపించదని, చప్పుడు తక్కువని మొదటి నుంచీ అక్కడే పెట్టాను.

ఆ రాత్రి గాలిదుమారం వచ్చి మా వీధిలో కరెంటు చాలాసేపు పోయిందట. పంపు ఆగిపోతే పైపులో గాలి తొయ్యడం ఆగుతుంది, నీళ్లు అదే పైపులోకి ఎక్కుతాయి. ట్యాంకు అంచు దాకా నిండి ఉంటే, అంచు మీద పైపు తిరిగే వంపు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఒక్కసారి దాటిందంటే ఇక డ్రమ్ములోంచి పైపుతో నీళ్లు లాగినట్టే, పంపు కింద ఉంది కాబట్టి అటే కారుతూ పోతాయి. సన్న పైపు కనుక ఒక్కసారిగా పోవు, రాత్రంతా ధారగా పోతాయి. మేము తలుపు తీసేసరికి హాల్లో నీళ్లు, తడిసిన చాప, ట్యాంకులో అడుగున మూడంగుళాలు మిగిలాయి. పైపు చివర స్పాంజి లోపల ఆ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఆగింది. జంక్షన్ బాక్స్ నేల మీదే ఉంది, నీళ్లు దానికి రెండు బెత్తెల దూరంలో ఆగాయి. నేను ముందు మెయిన్ ఆఫ్ చేశాను. ఇప్పటికీ ఆ బాక్స్ సంగతి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే మా అమ్మ చెప్పుల్లేకుండా ముందు లోపలికి అడుగుపెట్టింది.

చేప కనిపించలేదు. మాస్ సగం నీళ్ల పైన వేలాడుతూ ఎండిపోయింది. ఒక్కో పోగు విడదీసి చూశాను. చివరికి కొబ్బరి చిప్ప కింద, ఇసుకకు ఆనుకుని, పాలిపోయి కదలకుండా ఉంది. మొప్పలు ఆడుతున్నాయి. దేనికి భయపడినా చిప్ప కిందికి పోయే దాని అలవాటు, నేను మొదట్లో విసుక్కున్న అలవాటు, ఆ రోజు దాన్ని కాపాడింది.

ఆ రోజు ఇంట్లో ఉన్నది బోరు నీళ్లే, ట్యాంకు నీళ్లకంటే లవణాలు చాలా ఎక్కువున్న గట్టి నీళ్లు. ఒక్కసారిగా పోస్తే చేప తట్టుకోలేదు. ప్యూరిఫయర్ నీళ్లు సగం, బోరు నీళ్లు సగం బకెట్‌లో కలిపి, బకెట్‌ను స్టూలు మీద పెట్టి, ముంచిన అదే సన్న పైపును ఊడదీసి, మధ్యలో ముడి వేసి, బొట్టు బొట్టుగా ట్యాంకులోకి వదిలాను. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే రాత్రి పదకొండు దాటింది నిండేసరికి. పంపులోకి నీళ్లు పోయి అది పాడైంది, మర్నాడు కొత్తది తెచ్చాను. నాలుగో రోజుకు చేప మళ్లీ స్పాంజి దగ్గరికొచ్చింది.

ఆ ఫిల్టర్ కొన్నప్పుడు దుకాణంలో ఎవరూ చెక్ వాల్వ్ గురించి చెప్పలేదు. వేలెడంత కూడా ఉండదు, గాలిని ఒకవైపే పోనిస్తుంది, నీళ్లను వెనక్కి రానివ్వదు. నాకు 20 రూపాయలకు దొరికింది. దాని మీది బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండేలా పైపు మధ్యలో పెట్టుకోవాలి. ఇప్పుడు నాకు అది ఉంది, అయినా పంపును ట్యాంకు కంటే ఎత్తులో గోడ అరలోకి మార్చాను, జంక్షన్ బాక్స్‌ను గోడకు కొట్టించాను. వాల్వ్ కూడా కొన్నాళ్లకు గట్టిపడి సరిగా మూసుకోదని విన్నాక దాన్ని ఏడాదికోసారి మారుస్తున్నాను.

2024 దీపావళి తర్వాత ఒక ఆడచేప దొరికింది. దుకాణాలకు వచ్చేవి దాదాపు అన్నీ ఎర్రటి మగవే, ఆడది బూడిద రంగులో ఉంటుంది కాబట్టి ఎవరూ అడగరు, ఎవరూ తేరు. రెండు నెలలకు స్పాంజి మీద కనురెప్ప వెంట్రుకంత పిల్ల కనిపించింది, తర్వాత ఇంకో రెండు. ఎన్ని పుట్టాయో తెలియదు, పెద్దయినవి మూడు. హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఉండి ఉంటే ఆ మూడూ దాని దూదిలోకే పోయేవి.

కొనమని చెప్పాలంటే నా పరిస్థితి ముందు చెప్పాలి. నేను ఇంట్లో కూర్చుని పని చేస్తాను, పెరట్లో డ్రమ్ముకు చోటుంది, హేచరీలో బావ ఉన్నాడు. ఉదయం వెళ్లి రాత్రి వచ్చేవాళ్లకు, ఫ్లాట్‌లో డ్రమ్ము పెట్టుకోలేని వాళ్లకు ఈ చేపను నేను చెప్పను. ట్యాంకులో పది చేపలు తిరుగుతూ కనిపించాలనుకునే వాళ్లకు స్పాంజి ఫిల్టర్ ఒక్కటి చాలుతుందో లేదో నా ట్యాంకును బట్టి చెప్పలేను, నా దాంట్లో చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ, వారానికోసారి ఐదో వంతు నీళ్లు మారుస్తాను. ఒకే ఒక బిడియపు చేపను ఓపిగ్గా చూస్తూ కూర్చోవాలనుకునే వాళ్లయితే తీసుకోండి. వాల్వ్ కూడా అదే రోజు, అదే బిల్లులో తీసుకోండి.