అకీరా మాంగా చదవాలా, సినిమా చూస్తే చాలా? మరి నవలల సంగతేంటి?

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే మా పిన్ని కొడుకు అడిగాడు, "అన్నా, అకీరా సినిమా చూస్తే రెండు గంటల్లో అయిపోద్ది, ఆరు పుస్తకాలు ఎందుకు చదవాలి?" అని. ఆ ఎండలో, ఆ రద్దీలో వాడికి సగమే చెప్పగలిగా, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ముందు లెక్కలు. అకీరా మాంగా, అంటే జపాన్ కామిక్, 1982లో యంగ్ మ్యాగజైన్ అనే జపాన్ పత్రికలో మొదలై 1990 దాకా నడిచింది, ఆరు వాల్యూములు, రెండు వేల పేజీల పైమాటే. యానిమేషన్ సినిమా 1988లో వచ్చింది, 124 నిమిషాలు. రెండూ కాత్సుహిరో ఒతోమోవే, కాబట్టి ఎవరో డైరెక్టర్ వచ్చి కథ చెడగొట్టాడు అనడానికి లేదు. కానీ సినిమా తీసేనాటికి మాంగానే ఇంకా అవ్వలేదు, అందుకే రెండూ ఒకేచోట మొదలై వేర్వేరు చోట్ల తేలతాయి.

సినిమాని తక్కువ చేయట్లేదు, దయచేసి అలా అనుకోవద్దు. మొదట్లో బైక్ గ్యాంగుల రేస్ ఉంది చూడండి, రాత్రి రోడ్డు మీద బ్రేక్ లైట్లు ఎర్ర గీతల్లా సాగుతూ పోతాయి, అది కాగితం మీద రాదు. డైలాగులు ముందే రికార్డ్ చేసుకుని పెదాల కదలిక దానికి తగ్గట్టు గీశారు, అప్పట్లో జపాన్‌లో మామూలుగా బొమ్మలయ్యాకే గొంతులు పెట్టేవాళ్ళు. ఇక గేయినో యమాషిరోగుమి అనే జపాన్ బృందం మ్యూజిక్ అయితే, వెదురు వాయిద్యాలు, గుంపుగా పాడే గొంతులు, ఒళ్ళు జలదరిస్తుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం చూడకండి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

అయినా నా ఓటు మాంగాకే. ఇక్కడ కొంచెం కథ చెప్తున్నా, చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. మాంగాలో కథ జరిగే నగరం నియో టోక్యో సగంలోనే నాశనమైపోతుంది, మూడో వాల్యూమ్ చివర్లో. పేజీల మీద పేజీలు, మాటల్లేవు, బిల్డింగులు విరిగిపోతూ, అద్దాలు రాలుతూ, నీళ్ళు వచ్చేస్తూ. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ మెట్రోలో కూర్చుని ఆ పేజీలు చదివా, అమీర్‌పేట్‌లో జనం మీద పడుతూ ఎక్కుతున్నా తల ఎత్తలేదు, ఒక్కో పేజీ దగ్గర ఆగి కిటికీలు కూడా లెక్కపెట్టేంత మెల్లగా చూశా. సినిమా అలా ఆగనివ్వదు. అసలు గొప్పతనం ఆ తర్వాత ఉంది. శిథిలాల్లో మిగిలిన జనం ఏం తింటున్నారు, ఎవరి వెనక చేరుతున్నారు, అతీత శక్తులొచ్చిన బైక్ గ్యాంగ్ కుర్రాడు తెత్సువో, అకీరా అనే పిల్లాడి పేరు మీద ఒక సామ్రాజ్యం ఎలా లేపుతాడు, మియాకో అనే మతగురువు గుడి దగ్గర అన్నం, మందులు ఎలా పంచుతున్నారు, ఇదంతా ఒతోమో ఓపిగ్గా చూపిస్తాడు. సినిమాలో మియాకో అలా వచ్చి ఇలా పోతుంది, అకీరా అయితే దాదాపు పేరుగానే మిగిలాడు, మాంగాలో వాడు కళ్ళ ముందు తిరిగే పిల్లాడు. ఊరు కూలిపోవడం ఎవరైనా గీస్తారు, కూలిన ఊళ్ళో తెల్లారితే జనం ఏం చేస్తారు అన్నదే నాకు సైన్స్ ఫిక్షన్.

అలాగని ప్రతిసారీ మాంగానే మేలు అనను. హిరోషి సకురజాకా 2004లో రాసిన ఆల్ యు నీడ్ ఈజ్ కిల్ తీసుకోండి, చిన్న నవల. కీజీ అనే సైనికుడు యుద్ధంలో చచ్చిపోయి మళ్ళీ ముందు రోజులోనే లేస్తుంటాడు, ఎన్నోసారో మర్చిపోకుండా చేతి మీద అంకె రాసుకుంటాడు, లేచేసరికి సిరా ఉండదు కాబట్టి మళ్ళీ రాసుకోవాలి. దీన్ని 2014లో డెత్ నోట్ బొమ్మలేసిన తకేషి ఒబాటా మాంగాగా గీశాడు, రెండే వాల్యూములు, కవచాలు, పోరాటాలు అద్భుతం. కానీ అదే రోజు మళ్ళీ మళ్ళీ బతికే మనిషి లోపల పేరుకునే అలసట బొమ్మలో పూర్తిగా పట్టదు, ఫైటింగ్ దాన్ని మింగేస్తుంది. నవల "నేను" అని వాడి నోటితోనే చెప్తుంది. కీజీ, తోటి సైనికురాలు రీటా మెస్‌లో కూర్చుని ఉమెబోషి తినే చోటు నాకు మరీ ఇష్టం, మన ఊరగాయలాగే ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు అది, అంత చావుల మధ్య ఆ పులుపుకి నాకు నోరూరింది, అదే క్షణంలో ఏడుపూ వచ్చింది. ఇక్కడ నవలే మేలు, డౌటే లేదు.

అనిమేకి, అంటే జపాన్ యానిమేషన్‌కి, ఒక్క విషయంలో మాత్రం పోటీ లేదు, భాష. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ అనే అనిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకి వచ్చింది, ఇంగ్లీష్ చదవడం ఇబ్బంది అయ్యే మా అమ్మ లాంటివాళ్ళకి ఈ లోకంలోకి తలుపు అదే. మాంగా నేను ఇప్పటికీ ఇంగ్లీషులోనే చదువుతున్నా, తెలుగులో చేతికి వస్తే ఆ రోజే కొంటా.

మా వాడికి చెప్పింది ఇదీ: ముందు అకీరా సినిమా చూడు, ఆ బైక్ వేగం ఒంటికి ఎక్కనీ, తర్వాత మాంగా మొదటి వాల్యూమ్ నుంచి పట్టు, మూడోది అయ్యేదాకా నాకు ఫోన్ చేయకు. మొదటి రెండూ వాడి బ్యాగులో పెట్టి పంపించా.