పంటికి గరుకుగా తగిలినంత మాత్రాన అది సౌత్ సీ ముత్యం కాదు: బంగారు రంగు దండ కొనేవాళ్ళకు హెచ్చరిక

బంగారు రంగు ముత్యాల దండ కొనాలనుకుంటున్నవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. ఖరీదైన సముద్రపు ముత్యాలు, 'సౌత్ సీ గోల్డెన్' అని చెప్పి అమ్మిన 10–11 మిల్లీమీటర్ల దండ ఒకటి, తీరా ల్యాబ్‌లో చూపిస్తే రంగు వేసిన మంచినీటి ముత్యాలని తేలింది. అమ్మేటప్పుడు పంటి పరీక్ష చేసి మరీ చూపించారు. గరుకుగానే తగిలింది. దాంతో కొన్నవాళ్ళు ఇంకేమీ అడగలేదు.

ఆ పరీక్ష అబద్ధం కాదు. ముత్యం పొర అంటే కాల్షియం కార్బొనేట్ పలకలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నదే. అందుకే పంటి అంచుకు మెల్లగా రాస్తే సన్నటి ఇసుక తగిలినట్టు ఉంటుంది. గాజు పూసా, ప్లాస్టిక్ పూసా అయితే సాధారణంగా నున్నగా జారిపోతాయి. కానీ పంటికి తెలిసేది అంతవరకే. ఆ ముత్యం ఏ చిప్పలో పెరిగింది, పొర ఎంత మందం, రంగు పుట్టుకతో వచ్చిందా తర్వాత ఎక్కించిందా అన్నవి పన్ను చెప్పలేదు. ధరలో అసలు తేడా తెచ్చేవి అవే.

నిజమైన సౌత్ సీ ముత్యం పింక్టాడా మాక్సిమా అనే పెద్ద సముద్రపు ఆలిచిప్పలో పెరుగుతుంది. అందులో అంచు బంగారు రంగులో ఉండే రకం నుంచి బంగారు ముత్యాలు వస్తాయి. వీటి సాగు ముఖ్యంగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా సముద్రాల్లో. ఒక్కో చిప్పలో ఒకసారికి ఒకే పూస పెట్టి, దాని చుట్టూ ముత్యపు పొర పేరుకునేలా ఏళ్ళ తరబడి పెంచుతారు. మంచినీటి ముత్యాలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. మామూలు రకంలో ఒక్క చిప్పలోనే పదుల కొద్దీ ముత్యాలు పండుతాయి కాబట్టి చవక. ఒకప్పుడు పెద్ద సైజు, చక్కటి గుండ్రం చూస్తే సముద్రపు ముత్యమని ఊహించేవాళ్ళు. పూస పెట్టి పెంచే 'ఎడిసన్' రకం మంచినీటి ముత్యాలు వచ్చాక ఆ గుర్తు పనికిరాకుండా పోయింది.

కాబట్టి చూడాల్సింది బెజ్జం. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకెళ్ళండి. దండను కొంచెం వంచి రెండు ముత్యాల మధ్య సందులోకి వెలుతురు పడేలా పట్టుకోండి. రంగు వేసిన ముత్యంలో తరచుగా బెజ్జం చుట్టూ ముదురు వలయం కనిపిస్తుంది, ఎందుకంటే రంగు నీళ్ళు అక్కడి నుంచే లోపలికి దిగి పేరుకుంటాయి. పైన ఉన్న చిన్న గుంటల్లో, సన్నటి పగుళ్ళలో కూడా అదే రంగు చిక్కగా ఉంటుంది. ఒక్కోసారి దారానికి, ముడికి కూడా పసుపు అంటుకుని ఉంటుంది. దండ మొత్తం అచ్చు ఒకే ఛాయలో ఉన్నా అనుమానించండి. పుట్టుకతో వచ్చిన బంగారు రంగులో, ఎంత బాగా జత కుదిర్చినా, ఒక ముత్యానికీ పక్కదానికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బెజ్జం శుభ్రంగా కనిపించినంత మాత్రాన రంగు వేయలేదని రూఢి కాదు. మరక కనిపిస్తే మాత్రం బేరం ఆపేయండి.

'సౌత్ సీ షెల్ పెర్ల్' అన్న మాట వింటే ఇంకా జాగ్రత్త. అది ముత్యమే కాదు, చిప్ప పొడితోనో ముక్కతోనో చేసిన పూస మీద పూత. బెజ్జం అంచున పూత పొలుసులా లేస్తుంది. నోటితో సౌత్ సీ అంటారు, బిల్లు మీద 'షెల్' అన్న మాట చేరుస్తారు. తర్వాత వాదించడానికి మనకేమీ మిగలదు.

తెల్ల అకోయా (చిన్న రకం సముద్రపు ఆలిచిప్పలో పెంచే ముత్యాలు) దండల్లో మోసం వేరే తీరు. లోపల చిప్పతో చేసిన పూస ఉంటుంది, మీద ముత్యపు పొర అర మిల్లీమీటరు కూడా లేకపోవచ్చు. తెల్ల గుడ్డ మీద దండను మెల్లగా దొర్లించండి. పొర పలచగా ఉంటే లోపలి పూస చారలు బయటపడి, ముత్యం ఒకసారి మెరిసి ఒకసారి మసకబారుతూ కన్ను కొట్టినట్టు కనిపిస్తుంది. ఇలాంటివి చెమటకూ సెంటుకూ తట్టుకోవు. ముందు బెజ్జం దగ్గర పొర లేచిపోతుంది.

'ఏఏఏ గ్రేడ్' అంటే పొంగిపోవద్దు. అందరూ ఒప్పుకున్న ప్రపంచస్థాయి కొలత ఏదీ దానికి లేదు, ఎవరి అక్షరాలు వాళ్ళవే. 'బస్రా ముత్యం (గల్ఫ్ సముద్రంలో సహజంగా పుట్టింది), సాగు చేసింది కాదు' అన్న మాటను ఎక్స్‌రే పరీక్ష రిపోర్టు లేకుండా నమ్మకండి. సహజంగా పుట్టిందో పూస పెట్టి పెంచిందో తెలియాలంటే లోపలి నిర్మాణం చూడాలి. మంచినీటిదా సముద్రానిదా అన్నది కూడా ల్యాబ్ తేలుస్తుంది, మంచినీటి ముత్యం పొరలో మాంగనీసు ఎక్కువ. నిప్పు, వెనిగర్, కత్తిగీత పరీక్షలు ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. వెనిగర్ అసలు ముత్యాన్నే తినేస్తుంది.

డబ్బు ఇచ్చేముందు బిల్లు మీద ఈ మాటలు రాయించండి: ముత్యం రకం, మంచినీటిదా సముద్రానిదా, సాగు చేసిందా, రంగు సహజమా వేసిందా, సైజు మిల్లీమీటర్లలో, ల్యాబ్‌లో వేరుగా తేలితే పూర్తి డబ్బు వాపసు, అది ఎన్ని రోజుల్లోపు. 'రంగు సహజం' అన్న రెండు మాటలు రాయడానికి వెనకాడితే ఆ దండ అక్కడే పెట్టేసి రండి. ఇప్పటికే కొని అనుమానంగా ఉన్నవాళ్ళు దారం తెంపకండి, తుడిచి రంగు పోతుందేమో చూడకండి. బెజ్జాల దగ్గర ఫొటోలు తీసి, దండ ఉన్నది ఉన్నట్టుగా బిల్లుతో సహా ల్యాబ్‌కు ఇవ్వండి.