డెసిషన్ ట్రీ, పేఆఫ్ టేబుల్: ఎనిమిదేళ్లు వాడాక

ముందే ఒక మాట. ఇది మెషిన్ లెర్నింగ్‌లో వచ్చే డెసిషన్ ట్రీ గురించి కాదు. అది డేటా చూసి తన కొమ్మలు తనే వేసుకుంటుంది. నేను చెప్పేది మనం చేత్తో గీసుకునే చెట్టు గురించి: ఏ నిర్ణయానికి ఏం జరగొచ్చో కొమ్మలుగా గీసుకోవడం. పేఆఫ్ టేబుల్ అంటే ఏ నిర్ణయానికి ఏ పరిస్థితిలో ఎంత వస్తుందో పట్టికగా రాసుకోవడం.

నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న, పెద్ద యూనిట్ పెట్టాలా చిన్నదా అని. ఒక టేబుల్ ఇంకా గుర్తుంది. డిమాండ్ బాగుంటే పెద్దదానికి 80 లాభం, పడిపోతే 30 నష్టం. చిన్నదానికి బాగుంటే 35, పడిపోయినా 10 లాభమే. ఎంత చెడినా కనీసం ఏం మిగులుతుందో చూసే మాక్సిమిన్ పద్ధతి చిన్నదే పెట్టమంది. 1951లో గణాంక శాస్త్రవేత్త శావేజ్ చెప్పిన మినిమాక్స్ రిగ్రెట్, అంటే తప్పు నిర్ణయం వల్ల చేజారే గరిష్ఠ మొత్తం తక్కువగా ఉండేది ఎంచుకునే పద్ధతి, మాత్రం పెద్దదే పెట్టమంది. ఎందుకంటే పెద్దది పెట్టాక డిమాండ్ పడిపోతే చేజారేది 40, చిన్నది పెట్టాక డిమాండ్ పెరిగితే చేజారేది 45. ఒకే టేబుల్, రెండు జవాబులు! మొదట్లో చిరాకేసేది. ఇప్పుడు నాకు దీనిలో బాగా నచ్చేది అదే. గదిలో నష్టానికి భయపడేదెవరో, అవకాశం పోయిందని కుమిలిపోయేదెవరో బయటపడిపోతుంది.

డిమాండ్ బాగుండే అవకాశం 60 శాతమని వేస్తే సగటు రాబడి పెద్దదానికి 36, చిన్నదానికి 25. మీటింగులో ఒకాయన, "ఆ 60 ఎక్కడిదండీ?" అన్నారు. నోరు పెగల్లేదు. పెద్ద యూనిట్ అప్పటికే నా మనసులో ఉంది, దానికి సరిపడే అంకె వేశాను, అంతే. అప్పటినుంచి జవాబు ఏ శాతం దగ్గర తిరగబడుతుందో ముందు చూస్తున్నాను. ఇక్కడ 47 దగ్గర. సరిగ్గా 60 అని ఎవరూ చెప్పలేరు గానీ, సగం కంటే ఎక్కువా తక్కువా అంటే తలా ఒక మాట చెప్తారు.

మార్కెట్ సర్వే మాట వచ్చినప్పుడూ ఈ లెక్కే ఆదుకుంది. జరగబోయేది ముందే తెలిసిపోతే, బాగుంటే పెద్దది, పడిపోతే చిన్నది పెడతాం, సగటు 52; తెలియకపోతే 36. అంటే ఎంత గొప్ప సర్వే అయినా దాని విలువ 16 మించదు. వచ్చిన కొటేషన్ 20. ఆ చర్చ అక్కడితో సరి.

చెట్టు అసలు సత్తా తెలిసింది ఆ తర్వాతే. చతురస్రం మన నిర్ణయం, వృత్తం మన చేతిలో లేనిది. లెక్క చివరి కొమ్మల నుంచి వెనక్కి వస్తుంది. చిన్నది పెట్టి, డిమాండ్ బాగుంటే ఏడాది తర్వాత పెంచుదాం అని ఇంకో చతురస్రం గీశాను. ఖర్చులు పోను ఆ కొమ్మకి 62 వచ్చింది, దాంతో చిన్నదాని సగటు 41 దాటింది. టేబుల్‌లో ఈ దారే కనపడలేదు. సర్వే విలువ కూడా 11 లోపుకి పడిపోయింది.

నచ్చనిదీ ఉంది. సగటు 36 అంటాం గానీ ఆ 36 ఎప్పుడూ చేతికి రాదు. వస్తే 80, పోతే 30. ఆ 30 పోతే మూతపడే వ్యాపారానికి సగటు చూపించి ధైర్యం చెప్పడం తప్పు. ఒకసారి నేను ఆ తప్పు చేయబోయి ఆగాను. ఇక కొమ్మల గోల సరేసరి. వరసగా నాలుగు మలుపులు, ఒక్కో దాంట్లో మూడు దారులు పెడితే చివర 81 తేలతాయి. అందుకే నేను ఇప్పటికీ ముందు పెన్సిల్‌తోనే గీస్తాను. ఒక కాగితం దాటితే చెరిపేసి, ఏ కొమ్మ తీసేసినా జవాబు మారదో చూస్తాను.