కాలేజీ ల్యాబ్‌లో స్క్విడ్ ప్రాక్సీ: ఏళ్ల తరబడి నడిపాక నా మాట

ల్యాబ్‌లో నెట్‌ను అదుపులో పెట్టడానికి స్క్విడ్ (సిస్టమ్‌లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్) సరిపోతుందా అని తోటి ల్యాబ్ ఇన్‌ఛార్జులు తరచూ అడుగుతుంటారు. సిస్టమ్‌లు మన చేతిలో ఉంటే నిక్షేపంగా సరిపోతుంది. పిల్లల సొంత ఫోన్లను కట్టడి చేయాలంటే మాత్రం ఇది దారి కాదు. ఇంజినీరింగ్ కాలేజీలో అరవై సిస్టమ్‌ల ల్యాబ్‌కు ఏళ్లుగా దీన్నే నడుపుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

1996లో హార్వెస్ట్ ప్రాజెక్టు నుంచి పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. అప్పట్లో దీని అసలు పని క్యాషింగ్. ఒకరు తెరిచిన పేజీని దాచుకుని, ఇంకొకరు అడిగితే మళ్లీ బయటికి వెళ్లకుండా అక్కడికక్కడే ఇవ్వడం. ఇప్పుడు సైట్లన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా గుప్తీకరించిన కనెక్షన్) మీదే ఉన్నాయి, క్యాష్‌కు చిక్కేది నామమాత్రం. బ్యాండ్‌విడ్త్ కలిసొస్తుందన్న ఆశతో పెట్టుకోవద్దు. ఫిల్టరింగ్ కోసం, ఏ సిస్టమ్ నుంచి ఏ సైటు తెరిచారో రాసిపెట్టే లాగ్ కోసం పెట్టుకోండి. ఆ రెండు పనులకూ పాత ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్ ఉన్న డబ్బా చాలు. మాది అదే, డెబియన్ లినక్స్ మీద నడుస్తోంది.

ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క కమాండ్ సరిపోతుంది, 3128 పోర్టులో లేచి కూర్చుంటుంది. కాన్ఫిగ్ ఫైలు వేల లైన్లు ఉంటుంది గానీ అందులో చాలావరకు వివరణలే. అసలు విషయమంతా ఏది వదలాలి, ఏది ఆపాలి అని రాసే నియమాల వరసలో ఉంది. పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, మొదట ఏ లైను కుదిరితే దాంతో ఆగిపోతుంది. ఒకే లైన్లో రాసిన షరతులన్నీ కుదరాలి. వేర్వేరు లైన్లలో రాస్తే ఏదో ఒకటి కుదిరినా చాలు. ఈ రెండు ముక్కలూ ఒంటబట్టినవాళ్లకు స్క్విడ్ మొత్తం వచ్చినట్టే. డొమైన్ పేరు ముందు చుక్క పెడితే దాని సబ్‌డొమైన్లు కూడా లెక్కలోకి వస్తాయి. మార్చిన ప్రతిసారీ ముందు ‘స్క్విడ్ హైఫన్ కే పార్స్’ కొట్టి తప్పుల్లేవని చూసుకున్నాకే, మార్పును అమల్లోకి తెచ్చే ‘స్క్విడ్ హైఫన్ కే రీకాన్ఫిగర్’ కొట్టండి.

మామూలు రోజుల్లో టూలూజ్ యూనివర్సిటీ ఉచితంగా ఇచ్చే బ్లాక్‌లిస్టుల్లోంచి పెద్దలకు మాత్రమే అనే సైట్లూ జూదం సైట్లూ ఆపుతాం. ప్రాక్టికల్ పరీక్షల రోజున లెక్క తిరగబడుతుంది: అనుమతించిన నాలుగైదు సైట్లు తప్ప మిగతావన్నీ బంద్. అప్పుడు అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే ఒక్క సైటు తెరిస్తే ఫాంట్లు ఒకచోట నుంచి, స్క్రిప్టులు ఇంకోచోట నుంచి వస్తాయి. పేజీ సగమే తెరుచుకుంటుంది. యాక్సెస్ లాగ్‌లో ‘టీసీపీ డినైడ్’ అని పడిన లైన్లు చూసి ఒక్కో డొమైనూ కలుపుకుంటూ పోవాలి. పరీక్షకు ముందురోజే కూర్చుని చేయాల్సిన పని ఇది.

హెచ్‌టీటీపీఎస్‌లో స్క్విడ్‌కు కనిపించేది సైటు పేరు మాత్రమే. లోపల ఏ పేజీ, ఏ వీడియో అన్నది కనపడదు. మాకు ఇది యూట్యూబ్ దగ్గర గట్టిగా తగిలింది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ ఇచ్చే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉండేది అక్కడే. యూట్యూబ్ మూసేస్తే పాఠాలు పోతాయి, తెరిస్తే అన్నీ వస్తాయి, ఆ ఒక్క ఛానల్‌నే వదిలే వీలు లేదు. మేము పట్టుకున్న దారి ఇది. బ్రౌజర్‌కు ప్రాక్సీ పెట్టినప్పుడు సైటు పేరును ఐపీగా మార్చేది సర్వరే, పిల్లల సిస్టమ్ కాదు. అందుకని సర్వర్‌లోని హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరుకు ఏ ఐపీయో మనమే రాసిపెట్టే ఫైలు) యూట్యూబ్ పేర్లకు, అభ్యంతరకరమైన వీడియోలను దాచే రెస్ట్రిక్టెడ్ మోడ్ కోసం గూగుల్ ఇచ్చిన చిరునామా 216.239.38.120 రాశాం. పేర్లు ఒకటి రెండు కాదు. మొబైల్ పేరూ, నోకుకీ పేరూ, రెండు గూగుల్ ఏపీఐ పేర్లూ కూడా రాయాలి. పాఠాలు వస్తున్నాయి, చెత్త చాలావరకు ఆగింది, కామెంట్లు కూడా కనపడవు. బ్రౌజర్‌లో ఎవరైనా వేరే డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చే సర్వీసు) పెట్టుకున్నా ఫలితం ఉండదు. డీఎన్‌ఎస్ ఫిల్టర్ల కంటే నాకు స్క్విడ్ నచ్చేది ఇక్కడే.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒంటిగంట నుంచి రెండు దాకా కొన్ని సైట్లు వదులుతాం. టైమ్ నియమం రాయడం తేలికే, గురువారానికి ‘హెచ్’, శనివారానికి ‘ఏ’ అని గుర్తుంటే చాలు. చిక్కు ఇంకోచోట ఉంది. నియమాన్ని కనెక్షన్ తెరిచేటప్పుడే చూస్తుంది. 1:55కి తెరుచుకున్న టన్నెల్ (స్క్విడ్ గుండా సైటుకు వెళ్లే హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్) రెండు దాటినా అలాగే నడుస్తుంటుంది. పైగా లాగ్‌లో ఆ లైను పడేది అది మూసుకున్నాకే. సరిగ్గా రెండింటికి క్రాన్‌తో (చెప్పిన టైముకు కమాండ్ నడిపే సాధనం) సర్వీసును రీస్టార్ట్ చేయడమే నాకు కుదిరిన మందు. మామూలుగా స్క్విడ్ ఆగేముందు 30 సెకన్లు ఎదురుచూస్తుంది, దాన్ని 5కి తగ్గించాను.

నాకు నిజంగా బాధ కలిగించేది ఆపేసిన సైటు కనిపించే తీరు. హెచ్‌టీటీపీఎస్ సైటును ఆపితే ‘దీనికి అనుమతి లేదు’ అన్న మన పేజీ బ్రౌజర్ చూపించదు, టన్నెల్ కనెక్షన్ ఫెయిల్డ్ అని ఏదో ఎర్రర్ పడేస్తుంది. పిల్లలు ‘సార్, నెట్ రావట్లేదు’ అని లేచి వస్తారు. ఏవేవి ఆపామో, ఎందుకు ఆపామో కాగితం మీద రాసి గోడకు అంటించాం. ఎవరికైనా అవసరమైన సైటు ఆగిందంటే రాయడానికి పక్కనే రిజిస్టర్ పెట్టాం. ఇది లేకపోతే ఫిల్టర్ పెట్టడమే అన్యాయం అనిపిస్తుంది నాకు.

ప్రోగ్రామింగ్ ల్యాబ్ అయితే ఇంకో ఓపిక కావాలి. పైథాన్ లైబ్రరీలు తెచ్చే పిప్, సిస్టమ్‌లో పెట్టిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూసుకుని దారిలోకి వస్తుంది. జావా ప్రాజెక్టులు బిల్డ్ చేసే గ్రేడిల్ రాదు, దానికి విడిగా ప్రాపర్టీస్ ఫైల్లో రాయాలి. కొన్ని పోర్టళ్లు 8443 పోర్టు మీద ఉంటాయి, మొదట్లో ఇచ్చే నియమాల్లో 443 ఒక్కటే ఉంటుంది కాబట్టి అవి తెరుచుకోవు. ఆ పోర్టును కలుపుకోవాలి. ఫైర్‌వాల్‌లో ప్రాక్సీ సర్వర్ తప్ప ఇంకే సిస్టమూ నేరుగా బయటికి పోకుండా చేయాలి. అది చేయకపోతే సెట్టింగ్స్‌లో ప్రాక్సీ తీసేసిన మరుక్షణం ఫిల్టర్ అనేదే ఉండదు.

స్క్విడ్‌లోనే ఉన్న ఎస్‌ఎస్‌ఎల్ బంప్ అనే సదుపాయంతో గుప్తీకరణ విప్పి లోపలంతా చూడొచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా. అదే సిస్టమ్‌లో పిల్లలు మెయిల్ చూసుకుంటారు, ఫీజు కడతారు, స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకుంటారు. వాళ్ల పాస్‌వర్డ్ మన సర్వర్‌లో విప్పిపడి ఉండే పరిస్థితి ఏ ల్యాబ్‌కూ అక్కర్లేదు. సైటు పేరు తెలిస్తే మన పని అయిపోతుంది.

లాగ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. డెబియన్ తనంతట తాను కొద్ది రోజుల లాగే ఉంచుతుంది. 2022లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్న లెక్క ఉంది, మేమూ అదే పెట్టుకున్నాం. టైమ్ యూనిక్స్ సెకన్లలో (1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు) పడుతుంది కాబట్టి చదవడానికి, లాగ్‌ను రిపోర్టుగా మార్చే సార్గ్ అనే సాధనం వాడతాం. ఆ ఫోల్డర్ తెరిచే హక్కు నాకూ హెచ్‌ఓడీకీ తప్ప ఎవరికీ లేదు. ఎవరిదైనా లాగ్ చూడాల్సొస్తే కారణం రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాకే తెరుస్తాం.