డబ్బా మీది లీటర్లు చూసి రిటర్న్ పంప్ కొనకండి: సిచ్చే సింక్రా సైలెంట్ 3.0 ఏడాదిన్నర వాడాక

నా రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) 300 లీటర్లు, కింద స్టాండ్‌లో సంప్, అంటే ట్యాంక్ నీళ్లు దిగే గాజు తొట్టి. అందులోంచి నీళ్లను మళ్లీ పైకి తోసేదే రిటర్న్ పంప్. సంప్‌లో నీటి మట్టం నుంచి ట్యాంక్ పై అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే 1.4 మీటర్లు వచ్చింది. పంప్ కొనేముందే కొలవాల్సిన కొలత ఇది. మొదటి పంప్ కొన్నప్పుడు మాత్రం కొలవలేదు, డబ్బా మీద గంటకు 6000 లీటర్లు అని ఉంటే అదే తెచ్చేశాను. ఆ అంకె నీళ్లను అసలు పైకి ఎత్తే పని లేనప్పటిది. ఎత్తు పెరిగే కొద్దీ వచ్చే నీళ్లు తగ్గుతూ పోతాయి, ఒక ఎత్తు దగ్గర పంప్ తిరుగుతూనే ఉంటుంది కానీ చుక్క కూడా పైకి రాదు. మధ్యలో వేసే ప్రతి ఎల్బో (పైపు మలుపు), సన్నపాటి పైపు ఇంకొంచెం తినేస్తాయి.

ఇంకో సంగతి, సంప్ ద్వారా అంత నీరు తిరగాల్సిన అవసరమే లేదు. కోరల్స్‌కి కావాల్సిన ప్రవాహం ట్యాంక్‌లోనే నీటిని కదిలించే వేవ్‌మేకర్లు ఇస్తాయి. రిటర్న్ పంప్ పనల్లా సంప్‌లోని స్కిమ్మర్‌కి (నురగతో మురికిని తీసే పరికరం), హీటర్‌కి నీళ్లు అందుతూ ఉండేలా చూడటం. గంటకు ట్యాంక్ పరిమాణానికి మూడు నుంచి ఐదు రెట్లు తిరిగితే చాలామందికి సరిపోతుంది, అంటే నాకు 900 నుంచి 1500 లీటర్లు. అంతకు మించి తోస్తే ఓవర్‌ఫ్లో (ట్యాంక్ నుంచి సంప్‌లోకి నీళ్లు దిగే దారి) గుటగుటలాడుతుంది, సంప్‌లో గాలి బుడగలు లేచి ట్యాంక్ అంతా తెల్లగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

మొదటిది కంట్రోలర్‌తో నడిచే డీసీ పంప్, పేరు రాయను. స్పీడ్ మార్చుకోవచ్చు, మేత వేసేటప్పుడు బటన్ నొక్కితే కాసేపు ఆగుతుంది, చప్పుడు లేదు, నాకు బాగా నచ్చింది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున్నే చూస్తే వేవ్‌మేకర్లు తిరుగుతున్నాయి, పంప్ కంట్రోలర్ మీద మాత్రం ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. హీటర్ సంప్‌లో ఉంది కాబట్టి సంప్ 26 డిగ్రీలు, పైన ట్యాంక్ 21. హ్యామర్ కోరల్ వేళ్లన్నీ లోపలికి లాక్కుని అస్థిపంజరం అంచులు తెల్లగా బయటపడి ఉంది. ప్లగ్ తీసి పెడితే పంప్ మామూలుగా తిరిగింది, కోరల్ మూడు రోజులకు తేరుకుంది. కానీ ఆ తర్వాత ఇల్లు వదిలి ఎక్కడికెళ్లినా టెన్షనే. డీసీ పంపులన్నీ ఇలా ఉంటాయని అనడం లేదు. మీరు కొంటే మాత్రం మొదటి రోజే పదిసార్లు ప్లగ్ తీసి పెట్టి చూడండి, ప్రతిసారీ దానంతట అది లేవాలి.

అందుకే నేరుగా ప్లగ్‌లో పెట్టే ఏసీ పంప్‌కి మారాను. సిచ్చే ఇటలీ కంపెనీ, సింక్రా సైలెంట్ 3.0 రేటింగ్ గంటకు 2700 లీటర్లు, నీళ్లను ఎత్తగల గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు. బిగించాక రిటర్న్ గొట్టం కింద 10 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను, 26 సెకన్లకు నిండింది. అంటే గంటకు దాదాపు 1400 లీటర్లు, నాకు కావాల్సింది సరిగ్గా అదే. మీ పంప్‌కీ ఇలా చేసి చూడండి, కంపెనీ ఇచ్చే ఏ గ్రాఫ్ కన్నా మీ బకెట్ నిజం చెబుతుంది. లోపలి ఇరుసు (షాఫ్ట్) సిరామిక్, కాబట్టి ఉప్పునీటిలో తుప్పు గొడవ లేదు. కరెంటు పోయినా వచ్చిన వెంటనే తిరుగుతుంది, మధ్యలో కంట్రోలర్ అనేదే లేదు. స్పీడ్ మార్చుకోలేకపోవడం ఒక్కటే లోటు, పైపుకి వాల్వ్ పెట్టి సరిచేసుకున్నాను. వాల్వ్ పంప్ బయటికి వదిలే వైపే ఉండాలి, పీల్చుకునే వైపు బిగిస్తే పంప్ పాడవుతుంది.

చప్పుడు గురించి: మొదటి వారం స్టాండ్ అంతా సన్నగా ఊగుతూ గుయ్‌మనేది. పంప్‌ని, పైపుని కలిపే చోట గట్టి పీవీసీ తీసేసి ఒక చిన్న మెత్తటి సిలికాన్ గొట్టం వేశాను, ఆ శబ్దం పోయింది. పంప్ అడుగు సంప్ గాజుకి నేరుగా తగలకుండా చూసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు ట్యాంక్ నుంచి ఎంత నీరు వెనక్కి దిగుతుందో కూడా ముందే చూసుకోండి. రిటర్న్ గొట్టం మూతి నీటి మట్టానికి చాలా కిందకి ఉంటే అంత మేరా నీరు సైఫన్ అయి (గొట్టం గుండా దానంతటదే వెనక్కి లాగబడి) సంప్ పొంగుతుంది. నేను నీటి మట్టానికి కాస్త కింద గొట్టానికి చిన్న రంధ్రం వేశాను, మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రంలో నాచు పేరుకుంటుంది, వారానికోసారి టూత్‌పిక్‌తో పొడుస్తాను. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌ని నమ్ముకోవద్దు, చిన్న నత్త ఇరుక్కున్నా మూసుకోదు.

నాలుగు నెలలకోసారి పంప్ తీసి నీళ్లు కలిపిన వెనిగర్‌లో గంటసేపు ఉంచుతాను. ఇంపెల్లర్ (నీటిని తోసే చిన్న చక్రం) మీద సున్నంలా పట్టిన తెల్లటి పొర బుసబుసమని నురగ కక్కుతూ విడిపోతుంది, తర్వాత పాత బ్రష్‌తో రుద్ది మంచినీళ్లతో కడిగి పెట్టేస్తాను. ఈమధ్య శుభ్రం చేయకముందు బకెట్ పెట్టి చూస్తే 34 సెకన్లు పట్టింది, చేశాక మళ్లీ 26. రెండో ఇంపెల్లర్ ఒకటి కొని స్టాండ్ తలుపు లోపల కవర్లో వేలాడదీశాను, ఇంతవరకూ దాని అవసరం రాలేదు.