ఇమాన్ బృందం ‘కామినో దెల్ ఆగిలా’: పన్నెండేళ్ళు విన్న తర్వాత

దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియా ప్రాంతపు ఫ్లమెంకో సంప్రదాయ సంగీతాన్ని రాక్‌తో కలిపిన ఆందలూసియా రాక్ గురించి మాట్లాడేవారు సాధారణంగా త్రియానా బృందం 1975లో చేసిన ‘ఎల్ పాతియో’తో మొదలుపెట్టి దాదాపు అక్కడే ఆగిపోతారు. ఆ ఆల్బం గొప్పతనాన్ని నేనూ కాదనను. అయితే ఆ సంగీతానికి చివరి దశ అనదగిన 1980లో ఇమాన్ అనే బృందం విడుదల చేసిన ‘కామినో దెల్ ఆగిలా’ పన్నెండేళ్ళుగా నా దగ్గర ఉంది. మొదటి రెండేళ్ళు దాన్ని నేను చాలా తక్కువగా అంచనా వేశాను. ఆ అంచనా ఎక్కడ తప్పిందో వివరంగా చెప్పడానికే ఈ సమీక్ష.

ఆ రోజుల్లో ఈ బృందం చేసినవి రెండే ఆల్బంలు, రెండూ సీబీఎస్ సంస్థ ద్వారానే వచ్చాయి. 1978 నాటి మొదటి ఆల్బం మీద బృందం పేరు ‘ఇమాన్ కాలిఫాతో ఇందెపెందియెంతే’ అని ఉంటుంది. చివరి రెండు మాటలకు స్వతంత్ర ఖలీఫా రాజ్యం అని అర్థం. 929 నుంచి 1031 వరకు ఆందలూసియాలోని కోర్దోబా నగరం రాజధానిగా సాగిన ఖలీఫాల పాలనను ఆ పేరు గుర్తుచేస్తుంది. స్పానిష్‌లో ‘ఇమాన్’ అంటే అయస్కాంతం, మసీదులో నమాజు చేయించే ఇమాము కూడా అదే మాట. ఈ పేరును కేవలం అలంకారం అనుకోలేము. 1975 నవంబరులో స్పెయిన్ నియంత ఫ్రాంకో మరణించిన తర్వాత, 1977 డిసెంబరు 4న స్వయంప్రతిపత్తి కోరుతూ ఆందలూసియా నగరాల్లో జనం పెద్ద ఎత్తున వీధుల్లోకి వచ్చారు. 1980 ఫిబ్రవరి 28న అదే విషయం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తమ నేల తమదని ఒక ప్రాంతం గొంతెత్తి చెబుతున్న ఆ సంవత్సరాల్లోనే ఈ రెండు ఆల్బంలూ వెలువడ్డాయి.

మొదటి ఆల్బంలో ఆ గొంతు సూటిగానే వినిపిస్తుంది. దాదాపు ఇరవై నిమిషాలు సాగే మొదటి రచన పేరులోని ‘తారాంతోస్’ ఫ్లమెంకోలో ఒక సంప్రదాయ రీతి. ఫ్లమెంకో స్వరక్రమానికి మన వకుళాభరణ రాగంతో చాలా దగ్గర పోలిక ఉంది: శుద్ధ రిషభం, అంతర గాంధారం పక్కపక్కన నిలిచి కలిగించే ఆ ఆర్తి కర్ణాటక సంగీతంతో పెరిగిన చెవికి పరాయిగా తోచదు. అదే ఆల్బంలో ‘దర్శన్’ అనే మరొక రచన ఉంది. ఆ మాటకు తెలుగు పాఠకుడికి అర్థం చెప్పవలసిన పని లేదు. భారతీయ తాత్త్వికత వైపు చూసిన ఆ తరం సంగీతకారుల మనసు అందులో కనిపిస్తుంది. ఇవన్నీ విని, రెండో ఆల్బంలో ఇంతకంటే గాఢమైన ఆందలూసియాను ఆశించాను. అది దొరకలేదు. ఆ ఆశాభంగమే నా తొలి తీర్పును నిర్ణయించింది.

రెండు ఆల్బంల మధ్య జరిగిన ముఖ్యమైన మార్పు బాస్ గిటార్ దగ్గర ఉందని నేను గుర్తించడానికి చాలా కాలం పట్టింది. గిటార్ మీద మాన్వెల్ రోద్రీగెస్, కీబోర్డుల మీద మార్కోస్ మాంతేరో, డ్రమ్స్ మీద కీకో గెర్రేరో యథాతథంగా కొనసాగగా, ఇన్యాకి ఎగాన్యా స్థానంలో ఉరుగ్వే దేశస్థుడైన ఉర్బానో మొరాయెస్ వచ్చాడు. ఇతడు 1960ల చివరలో ఆ దేశ రాజధాని మోంతెవిదేయోలో ఎల్ కింతో బృందంలో వాయించినవాడు. ఆఫ్రికా మూలాలున్న కందోంబే లయను రాక్‌తో కలిపినవారిలో ఆ బృందం మొదటి వరుసలో నిలుస్తుంది. ఆ వాయింపు ఒరవడి ఈ రెండో ఆల్బంలో స్పష్టంగా తెలుస్తుంది. నేల మీద గట్టిగా అడుగువేసే ఫ్లమెంకో పట్టు కొంత సడలి, దాని స్థానంలో సముద్రం అవతలి ఊపు ప్రవేశించింది. ‘పిచ్చిపిల్ల’ అని అర్థం వచ్చే పోర్చుగీసు పేరున్న ‘మలుకీన్యా’లో ఇది మరీ బాహాటం. దాన్ని నేను చాలాకాలం ఆల్బంలో ఇమడని రచనగా భావించి దాటవేసేవాణ్ణి; ఇప్పుడు బాస్ ఒక్కదాన్నే వెంబడిస్తూ వింటాను. అలా వింటే అది ఆల్బం మొత్తానికి తాళంచెవిలా పనిచేస్తుంది.

‘మరుగుజ్జుల కవాతు’ అనే పేరున్న ఈ ఆల్బంలోని మొదటి రచన హుషారుగా ఉంటుంది, అంతకుమించి దాని గురించి చెప్పవలసింది ఎక్కువ లేదు. నేను నిలబడి మాట్లాడదలచుకున్నది ఆల్బానికి పేరిచ్చిన ‘కామినో దెల్ ఆగిలా’, అంటే ‘గద్ద బాట’ గురించి. ఆల్బంలో అన్నింటికంటే దీర్ఘమైన రచన ఇదే. ఇందులో తొందర లేదు. మాంతేరో కీబోర్డులు పొరలు పొరలుగా విస్తరిస్తుండగా, రోద్రీగెస్ గిటార్ ఎక్కడా తన నైపుణ్యాన్ని ప్రదర్శించడానికి పరుగెత్తకుండా, ఆలాపనలో గాయకుడు ఒక్కొక్క స్వరం దగ్గర ఆగి దాన్ని పూర్తిగా అనుభవించి గాని తర్వాతి స్వరానికి వెళ్ళనట్టు, నిదానంగా పైకి సాగుతుంది. ఆందలూసియా ఎక్కడ పోయిందని మొదట్లో వెతికినవాణ్ణి, అది పోలేదని ఇక్కడే గ్రహించాను. మొదటి ఆల్బంలో స్వరక్రమంగా ప్రకటితమైనది ఇక్కడ పదబంధం ముగిసే తీరులోకి, గిటార్ చివరి స్వరాన్ని వదిలే పద్ధతిలోకి ఇంకిపోయింది. అందుకే ఇది ఒకటి రెండుసార్లు విన్నవారికి ఏ దేశానికీ చెందని మెత్తని సంగీతంలా అనిపిస్తుంది. పదేళ్ళు విన్న నాకు మాత్రం ఇది మొదటి ఆల్బం కంటే లోతైన రచన. ఈ మాట ఇష్టపడనివారు చాలామంది ఉంటారని తెలిసే చెబుతున్నాను.

లోపాలు లేవని అనను. కొన్నిచోట్ల సింథసైజర్ ధ్వని ఆ సంవత్సరానికే కట్టుబడి పాతబడింది. చివరి రచన ‘నీన్యోస్’, అంటే ‘పిల్లలు’, లాలిత్యంగా ఉన్నా, అంత పెద్ద ఆరోహణ తర్వాత రావడం వల్ల పలచబడినట్టు తోస్తుంది. నేను మొదట కొన్న సీడీ ప్రతిలో ధ్వని మరీ ఇరుకుగా ఉండేది. తర్వాత ఒక మిత్రుడి ఇంట్లో పాత ఎల్పీ విన్నప్పుడు గాని బాస్‌కు ఎంత చోటుందో అర్థం కాలేదు. తొలి రెండేళ్ళ నా నిరాదరణలో ఆ ప్రతికీ కొంత భాగం ఉండవచ్చు.

ఆల్బం మరుగున పడటానికి కాలం కూడా కారణమే. 1980 నాటికి మాద్రిద్‌లో న్యూ వేవ్ అనే కొత్త తరహా రాక్ ప్రభంజనం మొదలైంది. మూడు నిమిషాల పాటలు, పదునైన వేషధారణ, నగరజీవితపు వేగం యువతను ఆకర్షిస్తున్నప్పుడు పావుగంటకు దగ్గరగా సాగే వాద్యరచనకు ఓపిక పట్టేవారు తగ్గిపోయారు. ఇమాన్ ఒక్కటే కాదు, ఆందలూసియా బృందాలలో చాలా భాగం ఆ కొద్ది సంవత్సరాలలోనే చెదిరిపోయాయి.

కొత్తగా వినదలచినవారు ముందు 1978 ఆల్బంలోని ‘దర్శన్’ విని, ఆ వెంటనే ‘గద్ద బాట’ వినాలని నా సలహా. మొదటిసారి గిటార్‌ను వదిలిపెట్టి గెర్రేరో డ్రమ్స్‌ను మాత్రమే గమనించండి. మిగిలినవారు పైకి ఎగురుతున్నంతసేపూ అతడు ఎంత తక్కువ వాయిస్తున్నాడో, ఆ తక్కువతోనే ముగ్గురినీ ఎలా మోస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది.