‘మున్ రిటర్న్ గ్యారంటీ’ ప్యాక్ కొనకండి: బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం కెర్బల్ బ్యాచ్‌కి జాగ్రత్త

ఈ ప్యాక్ అమ్మేవాడి పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. బరంపురం నుంచి రాయగడ, జయపురం దాకా కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ (రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ ఆట) ఆడేవాళ్ల ఫోన్లన్నిట్లో ఆ నంబరుంది. డీపీలో ఆకుపచ్చ మొహం కెర్బల్, కింద ‘మన తెలుగోళ్ల కోసం’ అని ఒక ముక్క. అదే మనిషి. 1,499 రూపాయలకి స్టీమ్ (ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) లాగిన్, మోడ్‌లు (ఆటకి ఆడేవాళ్లే చేసిన అదనపు హంగులు) నింపిన పెన్‌డ్రైవ్, మున్ (ఆటలోని చందమామ) మీదకి వెళ్లి తిరిగొచ్చే రాకెట్ ఫైలు. డబ్బు పడింది, పెన్‌డ్రైవ్ వచ్చింది, రాకెట్ మాత్రం లాంచ్‌ప్యాడ్ మీద పొయ్యి మీద పాల గిన్నెలా కూచుంది.

ఎందుకు కూచుందో ముందు చూడండి, ఎందుకంటే వాడి అబద్ధం మొత్తం అక్కడే పట్టుబడింది.

ఫైల్లో ఉన్నది ఇదీ. పైన ఎంకే1 పాడ్ (మనిషి కూచునే గది), పారాచూట్, హీట్ షీల్డ్, డీకప్లర్ (ముక్కల్ని విడదీసేది), ఒక ఎఫ్‌ఎల్-టి400 ట్యాంకు, టెరియర్ ఇంజన్, మూడు కాళ్లు. అది ల్యాండర్, 4.18 టన్నులు. దాని కింద ఇంకో టి400, ఇంకో టెరియర్. అన్నిటికన్నా కింద రెండు ఎఫ్‌ఎల్-టి800 ట్యాంకులు, ఒక్క స్వివెల్ ఇంజన్. మొత్తం బరువు 17.5 టన్నులు. కెర్బిన్ (ఆటలోని భూమి) మీద గురుత్వం 9.81, అంటే ఈ బరువు లేవాలంటే 172 కిలోన్యూటన్ల తోపు కావాలి. స్వివెల్ శూన్యంలో 215 ఇస్తుంది. గాలి ఉన్నచోట, నేలమట్టం దగ్గర, ఇచ్చేది 168. టీడబ్ల్యూఆర్, అంటే తోపుని బరువుతో భాగిస్తే వచ్చే అంకె, 0.98. ఒకటి కూడా లేదు! సుమారు ఆరు సెకన్లు అక్కడే మండి, ఆ కాలిన ఇంధనం బరువు తగ్గాక అప్పుడు కదులుతుంది, అదీ ముసలాయన మెట్లెక్కినట్టు. పైకి పోవడానికి కాదు, పడిపోకుండా నిలబడడానికే సగం ఇంధనం ఖర్చు.

మరి క్రాఫ్ట్ (రాకెట్ ఫైలు) వివరణలో ‘టీడబ్ల్యూఆర్ 1.25’ అని గర్వంగా రాసుకున్నాడే? అది శూన్యం లెక్క. వీఏబీలో (ఆటలో రాకెట్ కట్టే షెడ్డు) కుడివైపు కింద డెల్టా-వీ (ఉన్న ఇంధనంతో రాకెట్ ఎంత వేగం మార్చుకోగలదో ఆ లెక్క) బటన్ నొక్కితే సీ లెవెల్, ఆల్టిట్యూడ్, వాక్యూమ్ అని మూడుంటాయి. వాక్యూమ్ మీద పెట్టి స్క్రీన్‌షాట్ తీసి అమ్మాడు. ప్యాడ్ మీద నుంచి లేచే స్టేజీకి (రాకెట్‌లో విడిపోయే అంచె) సీ లెవెల్ అంకె చూడాలని ఈ గేమ్ వారం రోజులు ఆడినవాడికి కూడా తెలుసు. వాడికీ తెలుసు. తెలిసే చేశాడు.

సరే, ఎలాగోలా లేచిందనుకుందాం. ఇంధనం లెక్క, అదే డెల్టా-వీ, చూడండి. అడుగు స్టేజీ 1,916, మధ్యది 1,145, ల్యాండర్ 2,203. మొత్తం 5,264 మీటర్లు సెకనుకి, అదీ అంతా శూన్యం లెక్కలోనే, వాడికి అనుకూలంగా. కెర్బిన్ కక్ష్య ఎక్కడానికి 3,400 పోతుంది. మున్ వైపు తిరగడానికి 860, అక్కడ కక్ష్యలో ఆగడానికి 310, దిగడానికి 580. మిగిలేది 114. మున్ మీంచి మళ్లీ లేవడానికే 580 కావాలి, ఇంటి దారి పట్టడానికి ఇంకో 310. ఆటలోని వ్యోమగామి జెబెడయా కెర్మన్ అక్కడ జెండా పాతుకుని కాపురం పెట్టుకోవాల్సిందే. ‘రిటర్న్ గ్యారంటీ’ అంట!

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

‘రాకెట్ లేవట్లేదు, స్వివెల్ చాలట్లేదు’ అని మెసేజ్ పెడితే, పది నిమిషాల తర్వాత వాయిస్ మెసేజ్. ‘మీది ఎనిమిది జీబీ ర్యామ్ కదన్నా, అందుకే లేవట్లేదు. పదహారు వేయించండి, లేస్తుంది.’ ర్యామ్! ర్యామ్‌కీ తోపుకీ ఏటి సంబంధం? కంప్యూటర్ నెమ్మదిస్తే పైన ఎడమ మూల గడియారం అంకెలు ఆకుపచ్చ నుంచి పసుపుకి మారతాయి, ఆటలో కాలం నెమ్మదిస్తుంది, అంతే. తోపూ బరువూ అదే నిష్పత్తిలో ఉంటాయి. 0.98 ఉన్న రాకెట్ సూపర్ కంప్యూటర్ మీద కూడా 0.98 రాకెట్టే.

ఆ మాటే అడిగితే రెండో జవాబు వచ్చింది. వాడు ప్యాక్ అమ్మడానికి పెట్టిన పోస్టర్‌లో ఉన్న బొమ్మ గుర్తుందిగా మీకు? దాంట్లో రాకెట్‌కి రెండు పక్కలా పొడుగాటి బూస్టర్లుంటాయి, పైన డెల్టా-వీ ‘6,500’ అని అంకె. ఫైల్లో ఆ బూస్టర్లు లేవు. ఎక్కడ అంటే, ‘అవి ప్రో ప్యాక్‌లో, ఇంకో 599.’ బండి అమ్మి చక్రాలు వేరే రసీదు అన్నట్టు కాదూ! అంతదాకా ‘బావా, మనం మనం’ అని తెలుగులో తేనె కార్చినవాడు, డబ్బు తిరిగియ్యమనగానే ఒడియాలోకి దూకాడు. ‘ము కణ కరిబి?’ నేనేం చేయను అని. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఒడియా రానివాడెవడు నాయనా, ఆ నాటకం ఎవరి కోసం? జవాబు ఒడియాలోనే ఇచ్చేసరికి బ్లాక్. గ్రూపులోంచి కూడా తీసేశాడు. మనం చదువుకున్నోళ్లం, తెలివైనోళ్లం, చక్కగా క్యూఆర్ స్కాన్ చేసి పంపించాం మరి.

ఆ 599 కూడా కట్టే ఆలోచనలో ఎవరైనా ఉంటే ఆగండి. ఆ ‘ప్రో’ రహస్యం ఇదే, ఊరికే తీసుకోండి. కింది ట్యాంకులకి టీటీ-38కే రేడియల్ డీకప్లర్లు, ఎక్స్ నొక్కి సిమెట్రీ రెండు పెట్టుకుని. ఒక్కో పక్కా రెండు ఎఫ్‌ఎల్-టి800 ట్యాంకులు, కింద రిలయంట్ ఇంజన్, పైన ముక్కు టోపీ. రిలయంట్ మూతి తిరగదు, స్వివెల్ తిరుగుతుంది; అందుకే స్వివెల్ మధ్యలోనే ఉండనివ్వాలి, స్టీరింగ్ అంతా దానిదే. పక్క ట్యాంకులు ఊగకుండా పైభాగంలో ఒక్కో ఈఏఎస్-4 స్ట్రట్ కట్టండి. మొత్తం 38 టన్నులవుతుంది, నేలమట్టంలో టీడబ్ల్యూఆర్ దాదాపు 1.5. మూడు ఇంజన్లూ ఒకే స్టేజీలో వెలగాలి, డీకప్లర్లు దాని తర్వాత స్టేజీలో విడిగా. రెండూ ఒకే స్టేజీలో పడితే స్పేస్ నొక్కిన క్షణమే పక్కవి విడిపోయి తలోవైపు ఎగురుతాయి. గేమ్ తనంతట తాను వేసే స్టేజింగ్‌ని నమ్మకండి. సుమారు వంద సెకన్లకి పక్కవి ఖాళీ, అప్పుడు వదిలేయండి. వేగం సెకనుకి వంద మీటర్లకి చేరేలోపు తూర్పుకి కొద్దిగా, ఐదు పది డిగ్రీలు వంచండి, పది కిలోమీటర్ల ఎత్తుకి నలభై ఐదు. మొత్తం డెల్టా-వీ 6,500 దగ్గర వస్తుంది, అవసరం 6,040. ఎక్కువ మిగలదు గానీ తిరిగొస్తారు. తిరిగొచ్చేటప్పుడు పెరియాప్సిస్ (దారిలో కెర్బిన్‌కి అతి దగ్గరి ఎత్తు) 30, 35 కిలోమీటర్ల మధ్య పెట్టుకోండి, హీట్ షీల్డ్ ముందుకి.

పెన్‌డ్రైవ్ సంగతి ఇంకో కథ. వాడి రాకెట్‌లో మెక్‌జెబ్ (రాకెట్‌ని తనంతట తానే నడిపే మోడ్) పెట్టె ఒకటి అంటించాడు. ఆ మోడ్ మీ దగ్గర లేకపోతే భాగాలు లేవంటుంది, ఫైలు తెరుచుకోదు. అంటే వాడి పెన్‌డ్రైవ్ కొనక తప్పదన్నమాట. మెక్‌జెబ్ ఉచితం! సీకాన్ అనే మోడ్ మేనేజర్ ఉచితం, దాంట్లో టిక్ పెడితే దానికి కావలసిన మిగతావి కూడా అదే తెస్తుంది. తయారైన రాకెట్లు కెర్బల్‌ఎక్స్ అనే సైట్‌లో వేలకొద్దీ ఉన్నాయి, ఏ మోడ్ కావాలో అక్కడే రాసుంటుంది. కొన్ని మోడ్‌ల లైసెన్సులు వాటిని అమ్మడాన్నే ఒప్పుకోవు. పైగా వాడి జిప్ విప్పితే గేమ్‌డేటా (మోడ్‌లు పెట్టే ఫోల్డర్) లోపల మళ్లీ గేమ్‌డేటా వస్తుంది, లోపలి ఫోల్డర్లు బయటికి తీసి పెట్టకపోతే గేమ్‌కి కనబడవు. మాడ్యూల్ మేనేజర్ (చాలా మోడ్‌లకి ఆధారమైన మోడ్) కూడా రెండు వెర్షన్లు వేసి ఇచ్చాడు, పాతది తీసేయాలి. ఇంకా ఒక ‘ఇన్‌స్టాల్ మీ’ అనే .ఈఎక్స్‌ఈ ఉంది. మోడ్ ఫోల్డర్‌లో దానికేం పని? నొక్కకండి. నొక్కినవాళ్లు కంప్యూటర్ స్కాన్ చేయించి, ఇంకో ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చుకోండి, బ్యాంకుది ముందు.

స్టీమ్ లాగిన్ అయితే మరీ అన్యాయం. ఖాతా అమ్మడం, కొనడం స్టీమ్ ఒప్పందానికే విరుద్ధం. మొదటి మెయిల్, మొదట కొన్న రుజువు ఉన్నవాడు ఎప్పుడు కావాలన్నా ఖాతా వెనక్కి లాక్కుంటాడు. పాస్‌వర్డ్ మార్చుకున్నాం కదా అని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. ‘ఆఫ్‌లైన్ మోడ్‌లోనే ఆడండి బావా’ అని వాడు నొక్కి నొక్కి చెప్పేది ఎందుకంటే, అదే లాగిన్ పదిమందికి అమ్మాడు కాబట్టి. సొంతంగా కొంటే సేల్‌లో ధర బాగా పడిపోతుంది. నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటే స్టీమే డబ్బు తిరిగిస్తుంది. వాడి దగ్గర కొన్నదానికి ఏ స్టీమూ ఇవ్వదు.

రెండో భాగం (కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2) కీ కూడా అమ్ముతున్నాడట, ‘కాలనీలు వచ్చే అప్‌డేట్ దగ్గర్లోనే’ అని. అది 2023 ఫిబ్రవరి 24న అసంపూర్తిగా విడుదలైంది. ఆ డిసెంబరులో సైన్స్ అప్‌డేట్ ఒకటొచ్చింది. 2024లో తయారుచేసే స్టూడియోనే మూసేశారు. కాలనీలు రానే లేదు. మొదటి భాగం క్రాఫ్ట్ ఫైళ్లు దాంట్లో తెరుచుకోవు కూడా. వాడి మాటకి ‘దగ్గర్లోనే’ అంటే ఎంత దూరమో వాడికే తెలియాలి.

వాడి యూట్యూబ్ వీడియో చూసి మోసపోయేవాళ్లకి: ఎడమ పక్కన స్టేజీల వరుసలో ఇంజన్ బొమ్మ దగ్గర ఇంధనం పట్టీ చూడండి. రెండు నిమిషాలు మండినా అది ఇసుమంత తగ్గదు. ఆల్ట్ ఎఫ్12 చీట్ మెనూలో ఇన్ఫినిట్ ప్రొపెల్లెంట్ వేసుకుని ఎగరేశాడు. అలా అయితే ట్యాంకు ఎంతున్నా మున్ ఏమిటి, ఆటలో అన్నిటికన్నా దూరపు గ్రహం ఈలూ దాకా పోవచ్చు.

ఎవరి దగ్గర కొన్నా, డబ్బు పంపకముందు క్రాఫ్ట్ ఫైలు అడగండి. అది మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ వెర్షన్‌దో, ఏ భాగాలున్నాయో వరసగా కనిపిస్తుంది. ఇవ్వనంటే అక్కడితో వదిలేయండి.

ఇప్పటికే కట్టినవాళ్లు 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో రాయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు అవతల ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. వాడు బ్లాక్ చేసినా చాట్ మీ ఫోన్లో ఉంటుంది; డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూసి, ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, వాయిస్ మెసేజ్‌లతో సహా. పేమెంట్ స్క్రీన్‌షాట్‌లో యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) పూర్తిగా కనిపించాలి. ‘రిఫండ్ పంపుతా, పిన్ కొట్టండి’ అని కొత్త నంబరు నుంచి మెసేజ్ వస్తే కొట్టకండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. గుణుపురం వైపు ఇద్దరికి ఆ మెసేజ్ నిన్ననే వచ్చింది.